డెస్క్‌టాప్‌లో వైఫై నెమ్మదిస్తే లోపాన్ని ఎక్కడ వెతకాలి

చేతిలోని ఫోనులో వీడియో ఎక్కడా ఆగకుండా నడుస్తూ ఉంటుంది. అదే గదిలో, అదే వైఫైకి కలిపి ఉన్న డెస్క్‌టాప్‌లో మాత్రం మామూలు వెబ్ పేజీ తెరుచుకోవడానికే పది సెకన్లు పడుతుంది. ఇలాంటప్పుడు చాలామంది మొదట రౌటర్‌ను ఆపి మళ్లీ వేస్తారు, ఫలితం లేకపోతే ఇంటర్నెట్ సంస్థకు ఫిర్యాదు చేస్తారు, అప్పటికీ కుదరకపోతే కొత్త రౌటర్ కొంటారు. ఈ మూడూ ఒక్కోసారి పనిచేస్తాయి కూడా. కానీ ఎందుకు పనిచేశాయో తెలియదు కాబట్టి, సమస్య తిరగబెట్టినప్పుడు కథ మళ్లీ మొదటికే వస్తుంది. పక్కనే ఉన్న ఫోనుకు పూర్తి వేగం అందుతున్నప్పుడు ముందుగా రౌటర్‌నూ సంస్థనూ అనుమానించడం చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతకడం లాంటిదే. డెస్క్‌టాప్ విషయంలో వెతకవలసిన మొదటి చోటు ఆ పెట్టె వెనక, గోడకూ కేసుకూ మధ్య ఉన్న జానెడు జాగా.

అయితే అక్కడికి వెళ్లే ముందు తేల్చుకోవలసిన సంగతి ఒకటి ఉంది. కంప్యూటర్ నుంచి ఇంటర్నెట్‌కు వెళ్లే దారిలో రెండు అంచెలు ఉంటాయి. కంప్యూటర్ నుంచి రౌటర్ వరకు గాలిలో సాగే దారి ఒకటి, రౌటర్ నుంచి బయటకు తీగ మీద సాగే దారి మరొకటి. "వైఫై స్లోగా ఉంది" అనే మాట ఈ రెండింటినీ కలిపేస్తుంది. ఏ అంచెలో ఆలస్యం జరుగుతోందో తెలియకుండా సెట్టింగులు మార్చుకుంటూ పోతే, బాగున్న చోట కూడా కొత్త లోపాలు వచ్చి చేరతాయి.

రెండింటినీ విడదీయడానికి ప్రత్యేకమైన సాఫ్ట్‌వేర్ ఏదీ అక్కరలేదు. విండోస్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఐపీకాన్ఫిగ్ (ipconfig) అనే ఆదేశం ఇస్తే డిఫాల్ట్ గేట్‌వే అనే వరుసలో రౌటర్ చిరునామా కనిపిస్తుంది. చాలా ఇళ్లలో అది 192.168.1.1 లేదా 192.168.0.1 అయి ఉంటుంది. ఆ చిరునామాకు చిన్న సందేశం పంపి సమాధానానికి ఎంత సమయం పట్టిందో చూపే పింగ్ (ping) ఆదేశాన్ని నాలుగు సార్లతో ఆపకుండా వంద సార్లు పంపి చూడాలి. సమాధానాలన్నీ కొద్ది మిల్లీసెకన్లలో, ఒక్కటీ తప్పిపోకుండా వస్తే గాలిలోని అంచె ఆరోగ్యంగానే ఉందని అనుకోవచ్చు. ఒక సమాధానం 2 మిల్లీసెకన్లలో, తర్వాతిది 180లో, ఆ తర్వాతిది అసలే రాకుండా పోతుంటే, ఇంటర్నెట్ సంస్థకు దీనితో సంబంధం లేదు. ఆ సందేశాలు ఇల్లు దాటి వెళ్లనే లేదు. ఇదే పరీక్షను బయటి చిరునామా ఒకదానికి కూడా చేసి పోలిస్తే తేడా ఎక్కడ మొదలవుతోందో తేలిపోతుంది. కేబుల్ ఉన్నవారికి ఇంతకంటే సూటి దారి ఉంది. ఏదైనా ల్యాప్‌టాప్‌ను తీగతో నేరుగా రౌటర్‌కు కలిపి స్పీడ్ టెస్ట్ చేస్తే, వచ్చిన అంకె గాలితో నిమిత్తం లేని వేగం.

స్పీడ్ టెస్ట్ అంకెలను చదివేటప్పుడు జరిగే ఒక పొరపాటును కూడా ఇక్కడే తొలగించుకోవాలి. సంస్థలు వేగాన్ని మెగాబిట్లలో చెబుతాయి, డౌన్‌లోడ్ కిటికీలు తరచుగా మెగాబైట్లలో చూపిస్తాయి. ఒక బైటుకు ఎనిమిది బిట్లు కాబట్టి 100 మెగాబిట్ల కనెక్షన్‌లో ఫైలు సెకనుకు 12 మెగాబైట్లకు కాస్త అటూ ఇటూగా దిగుతుంటే అందులో లోపమేమీ లేదు.

ఇక గాలిలోని అంచెను పరిశీలించడానికి విండోస్‌లో నెట్‌ఎస్‌హెచ్ డబ్ల్యూలాన్ షో ఇంటర్‌ఫేసెస్ (netsh wlan show interfaces) అనే ఆదేశం ఉంది. ఒక తెర నిండా వచ్చే ఆ సమాచారంలో చూడవలసినవి నాలుగే: సిగ్నల్ శాతం, ఛానల్, రేడియో రకం, రిసీవ్ ట్రాన్స్‌మిట్ రేట్లు. విండోస్ చూపే శాతానికి అర్థం ఉంది. సిగ్నల్ బలాన్ని డీబీఎం అనే డెసిబెల్ కొలతలో చెబుతారు; మైనస్ 50 డీబీఎం లేదా అంతకంటే మెరుగైన సిగ్నల్‌ను అది 100 శాతంగా, మైనస్ 100ను సున్నాగా లెక్కిస్తుంది. మధ్యలో ప్రతి ఒక్క శాతానికీ అర డెసిబెల్ తేడా. కాబట్టి 66 శాతం అంటే మైనస్ 67 డీబీఎం, అంటే వీడియో కాల్స్ వంటి పనులకు సాధారణంగా చాలినంత సిగ్నల్. 40 శాతం అంటే మైనస్ 80. కనెక్షన్ ఉన్నట్టే కనిపిస్తుంది గానీ నిలకడ ఉండదు. డెసిబెల్ లెక్కలో మూడు తగ్గితే శక్తి సగమవుతుందని గుర్తుంచుకుంటే, పది పన్నెండు శాతం తేడాను ఎందుకు తేలిగ్గా తీసుకోకూడదో అర్థమవుతుంది.

రేట్లు అనే అంకెలు కంప్యూటర్, రౌటర్ ఆ క్షణంలో ఏ వేగంతో మాట్లాడుకోవడానికి ఒప్పుకున్నాయో చెబుతాయి. చేతికి దక్కే వేగం అందులో సుమారు సగం నుంచి మూడింట రెండు వంతుల వరకు ఉంటుంది, ఎందుకంటే వైఫైలో ఒకే ఛానల్‌ను అందరూ వంతులవారీగా వాడుకోవాలి, ప్రతి మాటకూ అందిందని సమాధానం రావాలి, ఒకరు మాట్లాడుతున్నప్పుడు మిగతావారు ఆగాలి. ఈ అంకెలే లోపాన్ని పట్టిస్తాయి కూడా. 72 మెగాబిట్లు అని కనిపిస్తే కంప్యూటర్ ఒకే యాంటెన్నాతో, 20 మెగాహెర్ట్జ్ ఛానల్ వెడల్పుతో, 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్ (తరంగాల శ్రేణి)లో 802.11ఎన్ అనే వైఫై పద్ధతిలో పనిచేస్తోందని దాదాపుగా చెప్పవచ్చు. 433 అంటే 5 గిగాహెర్ట్జ్‌లో ఒక యాంటెన్నా, 867 అంటే రెండు. రెండు యాంటెన్నాల కార్డు ఉన్న యంత్రంలో ఎప్పుడూ 433 మాత్రమే కనిపిస్తుంటే ఒక యాంటెన్నా మరలో సరిగ్గా బిగిసి ఉండకపోవచ్చు. సరిగ్గా 54 దగ్గర ఆగిపోతే కారణం వేరే. 2009 నాటి 802.11ఎన్ ప్రమాణం మొదలుకొని వచ్చిన అధిక వేగాలను పాతబడిన వెప్, టీకిప్ ఎన్‌క్రిప్షన్‌లతో, అంటే సందేశాలను రహస్య రూపంలోకి మార్చే పాత పద్ధతులతో, వాడుకోనివ్వరు. ఏనాడో పెట్టిన ఆ సెట్టింగ్ రౌటర్‌లో మిగిలిపోతే ఎంత కొత్త పరికరమైనా 2003 నాటి 802.11జీ వేగానికి దిగిపోతుంది. డబ్ల్యూపీఏ2 ఏఈఎస్ లేదా డబ్ల్యూపీఏ3కి మారిస్తే వేగంతో పాటు భద్రత కూడా వస్తుంది.

ఇప్పుడు పెట్టె వెనక్కి వెళ్లాలి. ఫోనులో యాంటెన్నాలు అంచుల్లో ఉంటాయి, ల్యాప్‌టాప్‌లో చాలావరకు తెర చుట్టూ ఉంటాయి. రెండూ చేతికందే ఎత్తులో, నాలుగు వైపులా గాలి తగిలే చోట పనిచేస్తాయి; సిగ్నల్ బలహీనంగా ఉంటే మనిషే లేచి పక్కకు జరుగుతాడు. డెస్క్‌టాప్ పరిస్థితి ఇందుకు పూర్తిగా వ్యతిరేకం. దాని వైఫై కార్డు మదర్‌బోర్డు మీద ఉంటుంది, యాంటెన్నాలు కేసు వెనక భాగంలో మరలకు బిగిస్తారు, కేసు ఉక్కు రేకుతో చేసిన పెట్టె, ఆ పెట్టెను బల్ల కింద గోడకు ఆనించి పెడతారు. రౌటర్ గదికి ముందువైపు ఉంటే యాంటెన్నాకూ దానికీ మధ్య మొత్తం లోహపు పెట్టె అడ్డుగా నిలుస్తుంది. రేడియో తరంగాలు చెక్కను, ప్లాస్టిక్‌ను దాటినట్టు లోహాన్ని దాటవు. అవి చుట్టూ ఉన్న గోడలకు తగిలి వచ్చిన ప్రతిఫలనాల మీదే ఆ కనెక్షన్ బతుకుతుంది.

అసలు యాంటెన్నాలే బిగించని డెస్క్‌టాప్‌లు కూడా తక్కువేమీ కాదు. మదర్‌బోర్డు కొన్నప్పుడు యాంటెన్నాలు వేరే సంచిలో వస్తాయి. యంత్రాన్ని అమర్చినవారు ఆ సంచిని డబ్బాలోనే వదిలేస్తే, వెనక కనిపించే రెండు బంగారు రంగు మరలు ఖాళీగా ఉండిపోతాయి. అలాంటప్పుడు వైఫై పూర్తిగా పనిచేయకపోతే యజమాని వెంటనే గమనించేవాడు. కానీ రౌటర్ దగ్గరలో ఉంటే ఆ ఖాళీ మరలే కొద్దిపాటి సిగ్నల్‌ను అందుకుంటాయి, కనెక్షన్ నిలబడుతుంది, వేగం మాత్రం పడిపోతుంది. అందుకే ఏళ్ల తరబడి ఈ లోపం కనిపెట్టకుండా సాగిపోగలదు. వేరే దేన్ని ముట్టుకునే ముందైనా పెట్టెను ముందుకు జరిపి ఆ మరలను కళ్లతో చూడడం తప్పనిసరి.

యాంటెన్నాలు బిగించి ఉన్నా వాటిని పెట్టె వెనకే ఉంచనక్కరలేదు. చిన్న తీగతో, అయస్కాంతపు అడుగుతో వచ్చే యాంటెన్నాను బల్ల మీదకు తెస్తే లోహపు అడ్డు తొలగిపోతుంది. తీగ మరీ పొడవైతే అందులోనే సిగ్నల్ నష్టపోతుంది కాబట్టి మీటరు, మీటరున్నర చాలు. నిలువుగా నిలబెట్టిన కడ్డీ లాంటి యాంటెన్నా నాలుగు పక్కలకూ బలంగా, తన కొన వైపు అతి బలహీనంగా పంపుతుందనీ, అందువల్ల దాని కొనను రౌటర్ వైపు గురి పెట్టడం సరైన పని కాదనీ తెలుసుకోవాలి. యాంటెన్నాను ఒక్కో చోట పెట్టి, అర నిమిషం ఆగి, పైన చెప్పిన ఆదేశంతో సిగ్నల్ శాతాన్ని కాగితం మీద రాసుకోవాలి. 5 గిగాహెర్ట్జ్ తరంగం పొడవు ఆరు సెంటీమీటర్లకు కాస్త తక్కువే కావడంతో, ప్రతిఫలనాలు ఒకదానినొకటి రద్దు చేసుకునే చోటు నుంచి బలపరచుకునే చోటికి బెత్తెడు దూరం కూడా ఉండకపోవచ్చు. ల్యాప్‌టాప్‌కు ఈ శ్రమ వృథా, అది రేపు మరో చోట ఉంటుంది. డెస్క్‌టాప్ కదలదు కాబట్టి ఒకసారి దొరికిన మంచి చోటు చాలావరకు మంచి చోటుగానే మిగులుతుంది.

కార్డు లేని పాత యంత్రాలకు యూఎస్‌బీ వైఫై అడాప్టర్ పెడతారు. ఇక్కడ రెండు చిక్కులున్నాయి. యూఎస్‌బీ 2.0 పోర్టు పరిమితి సెకనుకు 480 మెగాబిట్లు, ఆచరణలో దక్కేది అంతకంటే బాగా తక్కువ. వేగవంతమైన అడాప్టర్‌ను అందులో గుచ్చితే దాని శక్తి అక్కడే ఆగిపోతుంది. అలాగని యూఎస్‌బీ 3.0 పోర్టుకు మార్చగానే అన్నీ చక్కబడతాయని చెప్పలేం. యూఎస్‌బీ 3.0 సెకనుకు 5 గిగాబిట్ల వేగంతో డేటా పంపేటప్పుడు పుట్టే విద్యుత్ రొద 2.4 గిగాహెర్ట్జ్ ప్రాంతం మీదుగా పరచుకుంటుంది. ఇంటెల్ సంస్థ 2012లో ప్రచురించిన పత్రం ఈ సంగతిని కొలిచి చూపింది; యూఎస్‌బీ 3.0 హార్డ్ డిస్క్ కలిపినప్పుడు ఆ బ్యాండ్‌లో రొద మట్టం సుమారు 20 డెసిబెల్స్, అంటే నూరు రెట్లు, పెరిగినట్టు అందులో ఉంది. బయటి హార్డ్ డిస్క్‌కు ఫైళ్లు కాపీ చేస్తున్నప్పుడే వైఫై కుంటుతోందంటే, వైర్‌లెస్ మౌస్ కూడా అప్పుడే తడబడుతోందంటే, కారణం ఇదే అయ్యే అవకాశం ఎక్కువ. అడాప్టర్‌ను ఒక మీటరు ఎక్స్‌టెన్షన్ తీగతో పెట్టె నుంచి దూరంగా, ఎత్తుగా పెట్టడం, వైఫైని 5 గిగాహెర్ట్జ్‌కు మార్చడం, ఈ రెండూ దీనికి మందులు. గోరంత ఉండే బుల్లి అడాప్టర్లను మాత్రం డెస్క్‌టాప్‌కు సిఫారసు చేయడం కష్టం. అంత చిన్న యాంటెన్నా లోహపు పెట్టెకు అతుక్కుని, సరిగ్గా రొద పుట్టే చోటే కూర్చుంటుంది.

బ్యాండ్ విషయంలో సూత్రం తేలిక. 2.4 గిగాహెర్ట్జ్ గోడలను బాగా దాటుతుంది, కానీ ఇరుకైనది. బ్లూటూత్, మైక్రోవేవ్ ఓవెన్, ఇరుగుపొరుగు రౌటర్లు అన్నీ అక్కడే ఉంటాయి. 5 గిగాహెర్ట్జ్ విశాలమైనది, గోడల దగ్గర తొందరగా అలసిపోతుంది. రౌటర్ రెండు బ్యాండ్లకూ ఒకే పేరు పెట్టినప్పుడు, సిగ్నల్ కాస్త బలంగా కనిపించే 2.4ను ఎంచుకుని డెస్క్‌టాప్ అక్కడే పాతుకుపోవడం తరచుగా జరుగుతుంది. రెండు పేర్లుగా విడదీయడం ద్వారా గానీ, డివైస్ మేనేజర్‌లో అడాప్టర్ లక్షణాల్లో ప్రిఫర్డ్ బ్యాండ్ అనే చోట 5 గిగాహెర్ట్జ్‌ను ఎంచుకోవడం ద్వారా గానీ దాన్ని కదిలించవచ్చు. తప్పనిసరిగా 2.4లోనే ఉండవలసి వస్తే 1, 6, 11 ఛానళ్లలో ఒకదాన్నే వాడాలి. ఈ బ్యాండ్‌లో ఛానళ్లు 5 మెగాహెర్ట్జ్ ఎడంతో ఉంటాయి, ప్రతి ప్రసారం సుమారు 20 మెగాహెర్ట్జ్ ఆక్రమిస్తుంది. అందువల్ల ఆ మూడే ఒకదానిపై ఒకటి పడకుండా ఇముడుతాయి. పొరుగువారు 1లోనూ 6లోనూ ఉన్నారు కదా అని మధ్యలో 3ను ఎంచుకోవడం తెలివైన పనిలా కనిపిస్తుంది గానీ ఫలితం తలకిందులవుతుంది. ఒకే ఛానల్‌లో ఉన్న రౌటర్లు ఒకదాని మాట మరొకటి విని వంతు కోసం ఆగుతాయి. సగం మీద పడే ఛానల్ నుంచి వచ్చేది అర్థం కాని రొద మాత్రమే, దానితో వంతులు పంచుకోవడం కుదరదు.

కంప్యూటర్ లోపలి సంగతులు కొద్దిగా. విండోస్ పవర్ ఆప్షన్స్‌లో వైర్‌లెస్ అడాప్టర్‌కు గరిష్ఠ పనితీరు ఎంచుకోవాలి, డివైస్ మేనేజర్‌లో కరెంటు ఆదా కోసం పరికరాన్ని ఆపే అనుమతి తీసేయాలి. ఎప్పుడూ ప్లగ్గులోనే ఉండే యంత్రానికి ఆ పొదుపుతో ప్రయోజనం లేదు. డ్రైవర్‌ను విండోస్ అప్‌డేట్ ఇచ్చినదానితో ఆపకుండా కార్డు తయారీదారు నుంచి తెచ్చుకుని చూడాలి. వెనక ఎవరు డేటా లాగుతున్నారో రిసోర్స్ మానిటర్‌లోని నెట్‌వర్క్ పుట చెబుతుంది. క్లౌడ్‌కు ఫోటోల బ్యాకప్, గేమ్ అప్‌డేట్లు అక్కడ తరచుగా పట్టుబడతాయి. డేటాను మరో సర్వర్ మీదుగా చుట్టుదారిలో పంపే వీపీఎన్ ఉంటే ఒకసారి ఆపి పోల్చాలి. పేజీ మొదలవడానికి ఆలస్యమై, మొదలయ్యాక వేగంగా వస్తుంటే, వెబ్‌సైట్ పేరుకు చిరునామా వెతికిచ్చే డీఎన్ఎస్ సర్వర్‌ను మార్చి చూడవచ్చు. పెద్ద ఫైలు నెమ్మదిగా దిగడానికి మాత్రం డీఎన్ఎస్‌ను మార్చి లాభం లేదు.

రౌటర్‌కు పింగ్ చక్కగా ఉండి బయటికి మాత్రం తడబడుతున్నప్పుడు, ఒక లోపం ప్రత్యేకంగా చెప్పుకోదగినది. ఎవరో ఒకరు పెద్ద ఫైలును అప్‌లోడ్ చేస్తున్నంతసేపూ ఇంట్లో అందరికీ పేజీలు నిలిచిపోతాయి, అది పూర్తి కాగానే అంతా మామూలవుతుంది. ఇది సిగ్నల్ సమస్య కాదు. మోడెమ్, రౌటర్లలో డేటా వరుసలో నిలబడే జాగా అవసరానికి మించి పెద్దదిగా ఉంటే, చిన్న సందేశం కూడా ఆ పెద్ద ఫైలు ముక్కలన్నిటి వెనకా వేచి ఉండాలి. డౌన్‌లోడ్ అవుతున్నవాటికి అందిందని చెప్పే సమాధానాలు సైతం ఆ వరుసలోనే ఇరుక్కుంటాయి కాబట్టి డౌన్‌లోడ్ కూడా పడిపోతుంది. కంప్యూటర్ ఇంజినీర్ జిమ్ గెటిస్ 2010 ప్రాంతంలో దీనికి బఫర్‌బ్లోట్ అని పేరుపెట్టి ప్రచారం చేశారు. 2012లో కాథ్లీన్ నికోల్స్, వాన్ జేకబ్‌సన్ దీని కోసం వరుసను పొట్టిగా ఉంచే కోడెల్ అనే పద్ధతిని ప్రతిపాదించారు; దాని మీద కట్టిన ఎఫ్‌క్యూ కోడెల్ 2018లో ఆర్‌ఎఫ్‌సీ 8290 అనే ఇంటర్నెట్ సాంకేతిక పత్రంగా వెలువడింది. కొన్ని రౌటర్లలో ఇది ఎస్‌క్యూఎం అనే పేరుతో ఉంటుంది. దాన్ని పెట్టి, వేగ పరిమితిని అసలు కనెక్షన్‌లో 90 శాతం దగ్గర ఉంచితే వరుస మోడెమ్‌లో కాకుండా రౌటర్ అదుపులో ఏర్పడుతుంది. స్పీడ్ టెస్ట్‌లో అంకె కాస్త తగ్గుతుంది, వాడుకలో మాత్రం ఇల్లంతా తేలికపడుతుంది. స్పీడ్ టెస్ట్ నడుస్తుండగానే పక్క కిటికీలో పింగ్ నడిపి, ఆలస్యం 15 మిల్లీసెకన్ల నుంచి 400కు ఎగబాకితే రోగం ఇదే.

బయటి అంచెలో మరో చిన్న గుర్తు ఉంది. ఎంత పెద్ద ప్లాన్ తీసుకున్నా అన్ని పరికరాల్లోనూ వేగం 94 మెగాబిట్ల దగ్గర గీత గీసినట్టు ఆగిపోతే, మోడెమ్‌కూ రౌటర్‌కూ మధ్య ఉన్న తీగను మార్చాలి. గిగాబిట్ ఈథర్నెట్‌కు తీగలోని నాలుగు జతలూ కావాలి, 100 మెగాబిట్లకు రెండు జతలు చాలు. ఆ రెండూ కాక మిగతా జతల్లో ఒక పోగు తెగితే రెండు పరికరాలూ గొడవ చేయకుండా 100కు దిగిపోతాయి. పాత రౌటర్ పోర్టే 100 మెగాబిట్లదైతే తీగ మార్చినా ఫలితం ఉండదు.

సిగ్నల్ చాలని గదిలో రిపీటర్ పెట్టడం అలవాటైన పరిష్కారం. ఒకే రేడియోతో వినడం, తిరిగి చెప్పడం రెండూ చేసే రిపీటర్‌లో వేగం సుమారు సగమవుతుంది. పైగా దాన్ని డెస్క్‌టాప్ పక్కనే పెడితే ఫుల్ సిగ్నల్ కనిపిస్తుంది గానీ రౌటర్ నుంచి రిపీటర్‌కు వచ్చే సిగ్నల్ మునుపటిలాగే బలహీనం. దాన్ని మధ్య దారిలో పెట్టాలి.

ఇవన్నీ చూశాక కూడా డెస్క్‌టాప్‌కు తగిన కనెక్షన్ తీగే అన్న అభిప్రాయం మారదు. మామూలు క్యాట్ 5ఈ కేబుల్ 100 మీటర్ల వరకు గిగాబిట్ వేగాన్ని, రెండు వైపులా ఏకకాలంలో మోయగలదు. ఇంట్లో అంత దూరం ఉండదు. గోడ అంచున, తలుపు చట్రం వెంబడి ఒకసారి పరిస్తే ఛానల్, బ్యాండ్, యాంటెన్నా, డ్రైవర్ అనే చర్చంతా ఆ యంత్రానికి సంబంధించినంతవరకు ముగుస్తుంది. దానివల్ల బాగుపడేది డెస్క్‌టాప్ ఒక్కటే కాదు. బలహీనమైన సిగ్నల్‌తో 6 మెగాబిట్ల రేటులో మాట్లాడే పరికరం, 300 రేటులో మాట్లాడే పరికరంతో పోలిస్తే అదే డేటాకు 50 రెట్లు సమయం గాలిని ఆక్రమిస్తుంది; ఆ సమయమంతా మిగతావన్నీ వంతు కోసం ఎదురుచూస్తాయి. బల్ల కింది నుంచి గోడల మీద ప్రతిఫలించుకుంటూ రౌటర్‌ను చేరడానికి పెనుగులాడే డెస్క్‌టాప్ తీగ మీదకు మారిపోతే, అది ఖాళీ చేసిన గాలి ఫోన్లకూ ల్యాప్‌టాప్‌లకూ దక్కుతుంది.